లాం పరిశోధన రైతు చదివే గోడపత్రంగా: గుంటూరు మిరప ప్రాజెక్టు డైరీ

ఏప్రిల్

గుంటూరు నుంచి అమరావతి వెళ్ళే దారిలో లాం దగ్గర ఆచార్య ఎన్.జి.రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం ప్రధాన కార్యాలయం ఉంది. అక్కడే పత్తి, అపరాల మీద పనిచేసే ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం కూడా ఉంది. మిరప మీద పనిచేసే ఉద్యాన పరిశోధన స్థానం కూడా లాంలోనే ఉన్నప్పటికీ అది వెంకటరామన్నగూడెంలోని డాక్టర్ వై.ఎస్.ఆర్. ఉద్యాన విశ్వవిద్యాలయం కిందికి వస్తుంది. మన రైతుల నోళ్ళలో నానిన ఎల్.సి.ఎ. మిరప రకాలూ, ఎల్.బి.జి. మినుము రకాలూ ఈ లాం పొలాల్లో పుట్టినవే. ఇంత దగ్గరలో ఇంత పరిశోధన జరుగుతున్నా, చేనులో ఆకు ముడుచుకున్న రోజున రైతు మొదట అడుగుపెట్టేది పురుగుమందుల కొట్టులోనే. అక్కడ దొరికే సలహా వెంటనే దొరుకుతుంది, తెలుగులో దొరుకుతుంది, అరువు మీద దొరికే మందుతో కలిసి దొరుకుతుంది. విశ్వవిద్యాలయంలో తయారైన జ్ఞానానికి ఈ మూడు సౌకర్యాల్లో ఒక్కటీ లేదు.

ఆ లోటులో కొంతైనా పూడ్చాలన్నదే ఈ ప్రాజెక్టు ఉద్దేశం. ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం బోధించిన నేను, డిగ్రీ కళాశాలలో వృక్షశాస్త్రం చెప్పే ఒక మిత్రుడు, పి.జి. చదువుతున్న ఇద్దరు విద్యార్థులు, డి.టి.పి. పని తెలిసిన మరొకరు కలిసి ఈ పనికి పూనుకున్నాము. రైతులు అడిగిన ఒక్కొక్క ప్రశ్నకు విశ్వవిద్యాలయ పరిశోధనలో ఉన్న సమాధానాన్ని వెదికి, చదివి, ఒక్కొక్క పేజీ గోడపత్రంగా తెలుగులో రాయాలనుకున్నాము.

రాయడం మొదలుపెట్టక ముందే ఒక నియమం పెట్టుకున్నాము. ఏ ఫలితాన్ని ప్రచురించినా, ఆ ప్రయోగం ఎక్కడ, ఏ పంటకాలంలో, ఎన్ని మళ్ళలో, దేనితో పోల్చి చేశారో అదే పత్రంలో, అదే సైజు అక్షరాల్లో ఉండాలి. ఫలితం ఒక్కటే ప్రయాణించి దాని షరతులు వెనకబడిపోవడం వార్తల్లో రోజూ జరిగేదే. ఈ దోషాన్ని పత్రికల మీదికే నెట్టేయడం కూడా సరికాదు. బ్రిటన్‌లోని కార్డిఫ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 20 విశ్వవిద్యాలయాలు 2011లో విడుదల చేసిన 462 ఆరోగ్య, జీవశాస్త్ర పత్రికా ప్రకటనలను వాటి మూల పరిశోధనలతో పోల్చి, 2014లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఫలితాలు ప్రచురించారు. పాఠకులకు ఇచ్చే సలహాను మూల పరిశోధన చెప్పినదానికన్నా పెంచి చెప్పినవి ఆ ప్రకటనల్లో 40 శాతం ఉన్నాయి. ప్రకటనలో అతిశయోక్తి ఉన్నచోట వార్తలోనూ అది ఉండే అవకాశం చాలా ఎక్కువని వారు చూపించారు. అంటే అతిశయోక్తి చాలాసార్లు విలేకరి బల్ల దగ్గర కాక, విశ్వవిద్యాలయ ప్రచార విభాగం బల్ల దగ్గరే మొదలవుతోంది. అందుకే పత్రికా ప్రకటనను గానీ వార్తను గానీ ఆధారంగా తీసుకోకూడదనీ, మూల పత్రం చేతికి వచ్చాకే రాయాలనీ నిర్ణయించుకున్నాము.

జూన్

మిరప యార్డుకు వేసవి సెలవులు ఇచ్చే కాలం ఇది. రైతులు కొంత తీరికగా ఉంటారు కాబట్టి ప్రశ్నలు సేకరించడానికి అనువైన సమయం. మేడికొండూరు, ప్రత్తిపాడు, ఫిరంగిపురం వైపు ఊళ్ళలో కూర్చుని అడిగితే ఎక్కువమంది నోట మొదట వచ్చింది నల్ల తామర పురుగు. 2021 ఖరీఫ్‌లో పూతకు పూత రాలిపోయి, తోటలకు తోటలు దున్నేసిన సంగతి ఇక్కడ ఎవరూ మరిచిపోలేదు. రెండో ప్రశ్న కల్లంలో ఎండబెట్టిన కాయకు పట్టే బూజు గురించి. ఈ రెంటినీ మొదటి రెండు పత్రాలకు తీసుకున్నాము.

సమాచారం ఎక్కడ దొరుకుతుందన్నది ఈ నెల పని. సొంతంగా ఇలాంటి పని చేయాలనుకునేవారికి ఉపయోగపడుతుందని కొంచెం వివరంగా రాస్తున్నాను. వ్యవసాయ విశ్వవిద్యాలయాల్లో ఎమ్మెస్సీ, పీహెచ్.డి. విద్యార్థులు సమర్పించిన సిద్ధాంత గ్రంథాలు భారత వ్యవసాయ పరిశోధన మండలి నడిపే కృషికోశ్ అనే వెబ్‌సైట్‌లో ఉన్నాయి. తక్కిన విశ్వవిద్యాలయాల పీహెచ్.డి. గ్రంథాలు గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ అనే సంస్థ నిర్వహించే శోధ్‌గంగ వెబ్‌సైట్‌లో ఉన్నాయి. రెండింటిలోనూ వెదకడానికి రుసుము లేదు. జర్నళ్ళలో వచ్చిన పత్రాల సంగతి వేరు. కేంద్ర ప్రభుత్వం 2024 నవంబరులో ఆమోదించిన ఒకే దేశం ఒకే చందా పథకం కింద 30 మంది ప్రచురణకర్తల దాదాపు 13,000 జర్నళ్ళు ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలకూ, పరిశోధన సంస్థలకూ అందుబాటులోకి వచ్చాయి. మూడేళ్ళకు కేటాయించిన మొత్తం 6,000 కోట్ల రూపాయలు. విద్యార్థులకు ఇది నిజంగా పెద్ద మేలు. అయితే ఆ డబ్బు కట్టిన ప్రజల్లో విద్యాసంస్థ గుర్తింపు లేని వ్యక్తికి, అంటే మాలాంటి వారికీ రైతుకీ ఆ తలుపు ఇప్పటికీ మూసే ఉంది. జిల్లా గ్రంథాలయాలను కూడా ఆ పథకంలోకి తీసుకురావాలని నా గట్టి అభిప్రాయం.

ప్రస్తుతానికి దారి లేకపోలేదు. ఒక్కో పత్రానికి గుర్తింపుగా ఉండే డి.ఓ.ఐ. సంఖ్యను అన్‌పేవాల్ అనే వెబ్‌సైట్‌లో ఇస్తే, ఆ పత్రం ఉచిత ప్రతి చట్టబద్ధంగా ఎక్కడైనా ఉంటే చూపిస్తుంది. అక్కడా దొరకకపోతే పత్రం మీద ఉండే ఈమెయిల్ చిరునామాకు మర్యాదగా రెండు వాక్యాలు రాస్తే, ఎక్కువమంది శాస్త్రవేత్తలు తమ ప్రతిని సంతోషంగా పంపుతారు. తమ పనిని రైతు కోసం తెలుగులో రాస్తామన్న మాట విన్నాక కొందరు అడగని వివరాలు కూడా జోడించి పంపారు. చివరిగా ఇంకో తనిఖీ ఉంది. ప్రచురించాక వెనక్కి తీసుకున్న పత్రాల జాబితాను 2010లో మొదలైన రిట్రాక్షన్ వాచ్ అనే వెబ్‌సైట్ సేకరిస్తోంది. 2023 నుంచి ఆ జాబితా డి.ఓ.ఐ. సంఖ్యలు నమోదు చేసే క్రాస్‌రెఫ్ సంస్థ ద్వారా అందరికీ ఉచితంగా అందుతోంది. మేము వాడదలచిన ప్రతి పత్రాన్నీ అందులో వెదికి చూస్తున్నాము.

జులై

నల్ల తామర పురుగు పత్రం ముసాయిదా సిద్ధమైంది. శాస్త్రీయంగా దీని పేరు త్రిప్స్ పార్విస్పైనస్. ఆగ్నేయాసియా నుంచి వచ్చిన ఈ పురుగును మన దేశంలో 2015లో బెంగళూరు దగ్గర బొప్పాయి మీద మొదట గుర్తించారు. మిరప మీద రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ విరుచుకుపడింది 2021-22లో. ఆరేళ్ళ ముందే ఒక పరిశోధన పత్రంలో నమోదైన పురుగు గురించి మన ఊళ్ళలో ఒక్క గోడ మీదనైనా ఒక్క మాట లేకపోయింది. ఈ విషయం నన్ను ఎంతగానో బాధిస్తుంది. ఈ ప్రాజెక్టులోకి నన్ను లాక్కొచ్చినది కూడా అదే.

రైతుకు ముందుగా కావలసింది గుర్తుపట్టడం. మనకు మొదటి నుంచీ తెలిసిన తామర పురుగు లేతాకులను గీకి రసం పీల్చితే ఆకు అంచులు పైకి ముడుచుకుంటాయి. తెల్లనల్లి సోకితే ఆకు కిందికి ముడుచుకుని తిరగేసిన పడవలా కనిపిస్తుంది. నల్ల తామర పురుగు ప్రధానంగా పూలలో చేరుతుంది. పూవును అరచేతిలో తట్టి చూస్తే ఒక మిల్లీమీటరు పొడవున్న ముదురు రంగు పురుగులు పరిగెత్తడం కంటికే కనబడుతుంది. పూత రాలడమూ, నిలిచిన కాయ వంకర తిరగడమూ దీని పని. గుడ్లు మొక్క కణజాలంలో ఉంటాయి, కోశస్థ దశ, అంటే పిల్ల పురుగు పెద్ద పురుగుగా మారే దశ, నేలలో గడుస్తుంది. కాబట్టి మొక్క మీద చల్లిన మందు ఒకే దెబ్బకు అన్ని దశలనూ అందుకోలేదు. మూడు నాలుగు మందులు కలిపి వెంటవెంటనే చల్లినప్పుడు, ముఖ్యంగా సింథటిక్ పైరిత్రాయిడ్లు అనే తరగతి పురుగుమందులు వాడినప్పుడు, పురుగును తినే మిత్ర పురుగులు ముందు చనిపోయి ఉద్ధృతి మళ్ళీ పెరుగుతుందని శాస్త్రవేత్తలు పదేపదే హెచ్చరించారు. ఈ మూడు పురుగుల లక్షణాల బొమ్మలు పక్కపక్కనే పెట్టాలని నిశ్చయించాము. విద్యార్థుల్లో ఒకరు చేత్తో వేసిన రేఖాచిత్రాలు ఫొటోలకన్నా స్పష్టంగా వచ్చాయి. ఫొటోలో వెలుతురు, నేపథ్యం దృష్టిని మళ్ళిస్తాయి, గీతలో చూపదలచినదే ఉంటుంది.

ఆగస్టు

ఈ నెలంతా సిద్ధాంత గ్రంథాల్లోని పట్టికలు చదవడంతో గడిచింది. అసలు కష్టమంతా ఇక్కడే ఉంది కాబట్టి మా వాళ్ళకు నేర్పిన పద్ధతిని రాసిపెడుతున్నాను.

వ్యవసాయ ప్రయోగాల్లో ఎక్కువ భాగం ఒకే నమూనాలో ఉంటాయి. చేనును కొన్ని వరుసలుగా విభజించి, ప్రతి వరుసలోనూ పరీక్షించదలచిన మందులన్నిటినీ చీట్లు తీసినట్టు యాదృచ్ఛికంగా ఒక్కో మడికి కేటాయిస్తారు. ఏ మందూ చల్లని మడి ఒకటి ప్రతి వరుసలోనూ తప్పనిసరిగా ఉంటుంది. ఇలాంటి వరుసలు సాధారణంగా మూడో నాలుగో ఉంటాయి. ఒక్కో మడి కొన్ని చదరపు మీటర్లే. ఆ మడిలో వచ్చిన దిగుబడిని హెక్టారుకు లెక్కగట్టి పట్టికలో రాస్తారు. కనుక పట్టికలో హెక్టారుకు ఇన్ని క్వింటాళ్ళు అని కనబడితే ఎవరో హెక్టారు చేను పండించి తూచారని అర్థం కాదు. ఈ సంగతి తెలియకపోతే పట్టిక చదివినా చదవనట్టే.

పట్టిక అడుగున సి.డి. అని ఒక అంకె ఉంటుంది, క్రిటికల్ డిఫరెన్స్ అన్నమాట. రెండు మందుల ఫలితాల మధ్య తేడా ఆ అంకెను మించితేనే వాటిని వేర్వేరుగా ఎంచాలి. తేడా అంతకన్నా తక్కువైతే, అది నేలలో, నీటిలో, మొక్కల్లో సహజంగా ఉండే హెచ్చుతగ్గుల వల్ల కూడా వచ్చి ఉండవచ్చు. తరగతిలో నేనొక ఊహాత్మక పట్టిక బల్ల మీద రాశాను. మొదటి మందు మళ్ళలో హెక్టారుకు 55 క్వింటాళ్ళు, రెండో మందు మళ్ళలో 52, మందు చల్లని మళ్ళలో 38, సి.డి. 4. వార్తా శీర్షిక అయితే మొదటి మందు అన్నిటికన్నా మేలని రాస్తుంది. పట్టిక చెప్పేది అది కాదు. చల్లిన రెండూ చల్లనిదానికన్నా మేలే, ఆ రెంటిలో ఏది మెరుగో ఈ ప్రయోగం తేల్చలేదు. రెండో మందు సగం ధరకు దొరికేదైతే రైతుకు ఈ వివరమే అన్నిటికన్నా విలువైనది. శీర్షికలోకి రానిది కూడా ఇదే.

మోతాదుల విషయంలో మరింత జాగ్రత్త కావాలి. సిద్ధాంత గ్రంథాల్లో మోతాదును హెక్టారుకు ఇన్ని గ్రాముల క్రియాశీల పదార్థం (మందులో పురుగు మీద పనిచేసే అసలు రసాయనం) అని రాస్తారు. కొట్టులో దొరికే సీసా మీద ఉండేది శాతం. రైతు చేతిలో ఉండేది ట్యాంకు. లీటరులో 120 గ్రాముల క్రియాశీల పదార్థం ఉండే ద్రవాన్ని హెక్టారుకు 60 గ్రాముల చొప్పున వాడాలన్నారనుకుందాం. 60ని 120తో భాగిస్తే అర లీటరు, అంటే హెక్టారుకు 500 మిల్లీలీటర్లు. హెక్టారు దాదాపు రెండున్నర ఎకరాలు కాబట్టి ఎకరానికి 200 మిల్లీలీటర్లు. ఎకరానికి 200 లీటర్ల నీరు పట్టే చేనులో అయితే లీటరు నీటికి 1 మిల్లీలీటరు. మొక్కలు చిన్నగా ఉండి 120 లీటర్ల నీరే సరిపోయే దశలో లీటరుకు అదే 1 మిల్లీలీటరు కలిపితే ఎకరానికి అందేది 120 మిల్లీలీటర్లే. చెట్టు పెరిగాక 300 లీటర్లు కొడితే 300 మిల్లీలీటర్లు పడుతుంది. లీటరుకు ఎంత అన్న మాట ఒక్కటే పట్టుకుంటే మోతాదు ఇంతగా మారిపోతుంది. ఈ లెక్కను గోడపత్రంలో ప్రత్యేకంగా గడి గీసి చేర్చాము. మందుల వాణిజ్య పేర్లు మాత్రం ఎక్కడా రాయడం లేదు. ఆ పంటకు ఆ మందు అనుమతి ఉన్నదా లేదా అన్నది సీసా మీది లేబుల్ చూసి, రైతు సేవా కేంద్రంలో గానీ కృషి విజ్ఞాన కేంద్రంలో గానీ అడిగి తెలుసుకోమని రాశాము.

సెప్టెంబరు

పత్రం పరిమాణం, కాగితం, అచ్చు. ఎ3 సైజు, మందమైన కాగితం, ఆరడుగుల దూరం నుంచి చదవగలిగే అక్షరాలు. వాన పడే చోట్ల అంటించేవాటికి లామినేషన్. పత్రం కింద అచ్చయిన నెలతో పాటు, ఏ నెల దాటాక దీన్ని నమ్మవద్దో కూడా రాశాము. వచ్చే పంటకాలానికి సిఫారసులు మారవచ్చు, కొన్ని మందులను నిషేధించవచ్చు. గోడ మీద మూడేళ్ళు ఉండిపోయిన పాత సలహా కూడా హాని చేస్తుంది.

ఎక్కడ అంటించాలన్న చర్చలో వృక్షశాస్త్ర మిత్రుడు ఒక పాత సంగతి గుర్తు చేశాడు. మన జిల్లాలో 1935 ప్రాంతంలో పెదవడ్లపూడి, కొల్లిపరల మధ్య కాలువలో పడవ మీద గ్రంథాలయం నడిపారు. సరుకులతో, ప్రయాణికులతో పడవ ఎటూ ఆ కాలువలో వెళ్తుంది కనుక పుస్తకాలు కూడా అందులోనే ఊళ్ళకు చేరాయి. ఆంధ్రదేశ గ్రంథాలయోద్యమం తొలి మహాసభ 1914లో బెజవాడలో జరిగింది. ఆ ఉద్యమాన్ని నడిపినవారు పాఠకుడు తమ దగ్గరికి రావాలని కూర్చోలేదు. మేము కూడా రైతు ఎటూ నిలబడే చోట్లనే ఎంచుకున్నాము. పాల కేంద్రం, టీ కొట్టు, రైతు సేవా కేంద్రం, శాఖా గ్రంథాలయం, యజమాని ఒప్పుకున్న చోట పురుగుమందుల కొట్టు. కొట్టు యజమానులు అభ్యంతరం చెబుతారని అనుకున్న చోట చాలామంది తామే గోడ చూపించారు. తప్పుడు మోతాదు వాడి పంట పోతే రైతు బాకీ తీర్చలేడు కదా అన్నది వారి లెక్క.

అక్టోబరు

చేలల్లో పూత మొదలైంది. అచ్చుకు ముందు ఆఖరి పరీక్షగా పత్రాన్ని మేడికొండూరు వైపు ఒక పెద్దాయన చేత బిగ్గరగా చదివించాము. అరవై ఏళ్ళు దాటిన మిరప రైతు, ఏడో తరగతి వరకు చదివినవారు. ఆయన ఆగిన ప్రతిచోటా మేము పెన్సిలుతో గీత పెట్టాము. కోశస్థ దశ దగ్గర ఆగారు. "పురుగు నేలలో నిద్రపోయే రోజులు అని రాయండి మాస్టారూ, అందరికీ తెలుస్తుంది" అన్నారు. అలాగే మార్చాము. క్రియాశీల పదార్థం దగ్గర ఆగలేదు. సీసాల మీద చూసి చూసి అది ఆయనకు అలవాటే.

ఎక్కడ, ఎప్పుడు, ఎన్ని మళ్ళలో అన్న గడి దగ్గర మాత్రం ఆయన చాలాసేపు నిలిచిపోయారు. ఆ ప్రయోగం నల్లరేగడిలో చేశారా, ఎర్రనేలలో చేశారా అని అడిగారు. బోరు నీళ్ళా కాలువ నీళ్ళా, నాటు ఏ నెలలో వేశారు, ముందు పంట ఏమిటి అని వరసగా ప్రశ్నలు వేశారు. "మా చేను ఎర్రనేల. అక్కడ పనిచేసింది ఇక్కడ ఒక సాలుకు కొట్టి చూసుకుంటాను, పక్క సాలు వదిలేస్తాను. రెండూ చూసి అప్పుడు చెబుతాను" అన్నారు. ఆయన చెప్పినది, ఏ మందూ చల్లని మడిని పక్కన ఉంచి పోల్చే పద్ధతే. షరతులు రాస్తే రైతు తికమకపడతాడనీ, సూటిగా ఏదో ఒకటి చేయమని చెబితేనే మంచిదనీ మాకు కొందరు సలహా ఇచ్చారు. వారి సలహా సరికాదని ఆ ఒక్క సాయంత్రంలో నాకు రూఢి అయింది. షరతులు చెప్పినప్పుడే రైతు ఆ ఫలితాన్ని తన చేనుకు అన్వయించుకోగలిగాడు. నేల రకం, నాటిన నెల, నీటి వసతి అనే మూడు వరసలు ఆయన ప్రశ్నల వల్లనే గడిలో చేరాయి. మూల గ్రంథంలో ఆ వివరాలు ప్రయోగ పద్ధతుల అధ్యాయంలో దాదాపు ఎప్పుడూ ఉంటాయి. పైన సారాంశం మాత్రమే చదివి వదిలేసేవారికి అవి కనబడవు.

ఇదే నెలలో ఇంటర్ విద్యార్థులతో ఒక చిన్న తరగతి కూడా పెట్టాము. స్వయం, ఎన్.పి.టి.ఇ.ఎల్. అనే వేదికల ఆన్‌లైన్ పాఠాలు ఉచితమే అయినా ఈ స్థాయి గణాంక శాస్త్రం తెలుగులో దొరకడం కష్టం. మా పట్టిక పాఠాన్ని ఆడియోగా రికార్డు చేసి ఊళ్ళ వాట్సాప్ బృందాలకు పంపుతున్నాము.

నవంబరు

రెండో పత్రం కాయకు పట్టే బూజు గురించి. ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారు చేస్తుంది. 1960లో ఇంగ్లండులో వేరుశనగ పిండి మేపిన టర్కీ కోళ్ళు వేల సంఖ్యలో చనిపోయినప్పుడు ఈ విషం బయటపడింది. ఎండుమిరప సహా సుగంధ ద్రవ్యాల్లో అఫ్లాటాక్సిన్ బి1 కిలోకు 5 మైక్రోగ్రాములు, మొత్తం అఫ్లాటాక్సిన్లు 10 మైక్రోగ్రాములు దాటకూడదని ఐరోపా సమాఖ్య పరిమితి పెట్టింది. అది దాటిన సరుకును అక్కడి మార్కెట్లోకి రానివ్వరు. ఆ నష్టం చివరికి యార్డులో ధర మీద పడుతుంది.

ఇందులో రైతు చేతిలో ఉన్నది ముఖ్యంగా తేమ. కాయను 10, 11 శాతం తేమకు ఎండబెట్టి నిల్వ చేయాలని సిఫారసు. మట్టి నేల మీద కాక టార్పాలిన్ మీదో సిమెంటు కల్లం మీదో ఆరబోయడం, రాత్రి మంచు పడకుండా కప్పడం, రంగు పోయిన తాలు కాయలను ముందే ఏరేయడం, బరువు కోసం నీళ్ళు చల్లకపోవడం, ఇవీ పత్రంలోని అంశాలు. చివరిదాన్ని రాయాలా వద్దా అని మాలో వాదన జరిగింది. రాయాల్సిందేనన్నాను. చల్లిన నీటి బరువుకు వచ్చే నాలుగు రూపాయలకన్నా కోల్డ్ స్టోరేజీలో బూజు పట్టే బస్తా నష్టం పెద్దదని అంకెలతో చూపాలి, నీతిగా చెప్పకూడదు. ఆ అంకెల కోసం వేర్వేరు తేమ శాతాల్లో నిల్వ ఉంచి బూజును కొలిచిన ప్రయోగాలను కృషికోశ్‌లో వెదుకుతున్నాము. దొరికినవాటిలో కొన్ని గోనె సంచుల్లో, గది ఉష్ణోగ్రతలో చేసినవి. మన సరుకులో చాలా భాగం కోల్డ్ స్టోరేజీలో ఉంటుంది కాబట్టి ఆ ఫలితాలను అలాగే ఎత్తి రాయడం కుదరదు. శీతల నిల్వలో చేసిన ప్రయోగం పూర్తి పాఠం కావాలని ఇద్దరు శాస్త్రవేత్తలకు లేఖలు వెళ్ళాయి. ఒకరి జవాబు వచ్చింది, పట్టికలు విద్యార్థులు చదువుతున్నారు. జనవరిలో కోతలు ముమ్మరమయ్యేలోగా ఈ పత్రం కల్లాల దగ్గరికి చేరాలి కనుక డిసెంబరు రెండో వారానికి అచ్చుకు ఇవ్వాలని నిర్ణయించాము. అప్పటికి శీతల నిల్వ అంకెలు తేలకపోతే ఆ వరసను ఖాళీగా ఉంచి, గది ఉష్ణోగ్రత ఫలితాలను వాటి షరతులతో సహా ప్రచురిస్తాము.